నాలుగు వేళ్ల సందు

నా కుట్టుమిషను పక్కన గోడకు ఒక మేకు ఉంది. దానికి వేలాడే గుడ్డసంచిలో నా జొన్నరొట్టెలు ఉంటాయి. ఆ సంచి అడుగున ఒక మూల నాలుగు వేళ్లు దూరేంత సందు వదిలి కుట్టాను. ఇంటికి వచ్చినవాళ్ల కన్ను ముందు ఆ సందు మీదే పడుతుంది. కుట్టేవాడివై ఉండి నీ సంచి నువ్వు కుట్టుకోలేకపోయావా అని అడుగుతారు. ఆ సందు ఎందుకో నాకు తెలియడానికి రెండు మిరపకోతల కాలం పట్టింది. అది ముందే తెలియక ఒక మనిషికి నష్టం కూడా చేశాను.

మాది గురజాల నుంచి మాచర్ల వెళ్లే రోడ్డుకు కొంచెం లోపలికి ఉన్న ఊరు. ఏడో తరగతిలో బడి మానేసి మిషను ఎక్కాను. చదవడం మాత్రం మానలేదు. కిరాణా కొట్టు పొట్లాల కాగితాలతో మొదలుపెట్టి, గురజాలలో శాఖా గ్రంథాలయంలో సభ్యుడినై, ఈ నలభై ఏళ్లలో అక్కడి తెలుగు పుస్తకాలు దాదాపు అన్నీ చదివాను. కొన్నిటిని రెండేసి సార్లు చదివాను. అక్కడ పనిచేసేవాళ్లు బదిలీల మీద మారుతూనే ఉన్నారు. ఇప్పుడున్న ఆయన ఏ పుస్తకం ఏ అలమారలో ఉందో నన్నే అడుగుతాడు. ఈ మాట రాస్తుంటే కొంచెం గర్వంగానే ఉంది. దాచుకోవడం దేనికి.

మా ఆవిడ పోయి ఆరేళ్లు. మాకు పిల్లలు లేరు. రెడీమేడ్ బట్టలు వచ్చాక చొక్కాలు కుట్టించుకునేవాళ్లు తగ్గారు. ప్యాంటు కాళ్లు మడవడం, జిప్పులు మార్చడం, దిండు గలేబులు, ఇవే నా పనులు. వాటిని ఇచ్చి వెళ్లడానికి వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి, బండి ఇంజను కూడా ఆపకుండా, చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోతారు. పుస్తకాలు చదివేవాడికి ఒంటరితనం తెలియదని ఎవరో రాయగా చదివాను. చదువుతున్నంతసేపూ అది నిజమే. పుస్తకం మూసి కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం కాదు. ఎదురుగా ఇంకో కంచం లేకపోతే కూర రుచి సగం తగ్గుతుంది. అలా ఎందుకో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఒక్కడి కోసం జొన్నరొట్టె చేయడం పెద్ద పని. ఎసరు పెట్టాలి, పిండి కలపాలి, మెత్తబడేదాకా పిసికి మదాయించాలి, తట్టాలి. పెనం కాగేసరికి ఆకలి చచ్చిపోయేది. అందుకని ఒకేసారి ఎనిమిది రొట్టెలు తట్టి స్టీలు డబ్బాలో పెట్టేవాణ్ని. డబ్బాలో అవి చెమర్చి, రెండో రోజుకు బూజు పట్టేవి. అప్పుడే ఒక అనువాద పుస్తకంలో చలిదేశాల ఇళ్ల గురించి చదివాను. అక్కడివాళ్లు ఇంట్లో చేసుకున్న రొట్టెను దళసరి గుడ్డసంచిలో పెడతారట, గుడ్డలో రొట్టెకు గాలి ఆడుతుందట, వారం రోజులైనా మెత్తగా ఉంటుందట. చదివిన సాయంత్రమే మంచి లాంగ్‌క్లాత్‌తో సంచి కుట్టి, మూతికి నాడా పెట్టి, ఎనిమిది రొట్టెలు అందులో వేసి మేకుకు తగిలించాను. అది మా పల్నాడులో వేసవి మొదలయ్యే రోజు అన్న సంగతి నేను పట్టించుకోలేదు. పుస్తకం రాసినాయన మా ఎండ చూడలేదు కదా.

మర్నాటికే రొట్టెలు బిర్రబిగుసుకుపోయాయి. పక్కింటి వదిన చింతపండు అడగడానికి వచ్చి, ఒకటి తీసి గోడకు కొట్టి చూసింది.

"ఏంది మరిదీ, మాచర్ల నాపరాళ్లు సంచిలో పెట్టుకున్నావా? చానా బాగున్నయ్. గుమ్మం ముందు పరుచుకో, కాళ్లకు బురద అంటదు."

"పుస్తకంలో అట్టా రాశారు వదినా."

"ఆ రాసినోణ్ని పిలువు, తింటాడేమో చూద్దాం."

ఆ సంచిని నేను తీసేయలేదు. రొట్టెలు నీళ్లలో నానబెట్టుకుని తినేవాణ్ని.

మిరపకోతలకు మా వైపు మనుషులు చాలరు. ప్రతి ఏడూ సంక్రాంతి పండగ వెళ్లాక ఆదోని అవతలి పల్లెల నుంచి ముఠాలు లారీల్లో వస్తాయి. చేల పక్కన పట్టాలతో గుడిసెలు వేసుకుని, కోతలు అయ్యేదాకా రెండు నెలలో మూడు నెలలో ఉంటారు. రెండేళ్ల కిందట అలా వచ్చిన ముఠాలో ఒక పెద్దావిడ ఒక మధ్యాహ్నం మా అరుగు ఎక్కింది. డెబ్బై దాటి ఉంటాయి. నడుం వంగక కోతకు వెళ్లదు. గుడిసెల దగ్గర ఉండి అందరికీ వండిపెడుతుంది. చంకలో దిండంత సంచి ఉంది.

"తమ్ముడా, నువ్వేనా బట్టలు కుట్టేది? ఈ సంచి చెయ్యి తెగిపోయినాది. కొంచెం ఏసియ్యి."

కుట్టాలంటే లోపలున్నవి తీయాలి కదా. ఆమె నా దినపత్రిక పరిచి వాటిని ఒక్కొక్కటే పేర్చింది. పల్చగా, తెల్లగా, చేటంత వెడల్పున ఉన్నాయి.

"ఏందక్కా ఇవి, అప్పడాలా?"

"అప్పడాలు కాదప్పా, రొట్టెలు. జొన్నరొట్టెలు. ఊర్లో తట్టి ఇరవై దినాలాయె."

"ఇరవై రోజులా! బూజు పట్టలేదా?"

"తడి పదును ఉంటే గదా బూజు పట్టేకి."

నేను ఊరుకోలేదు. చలిదేశాల రొట్టెలూ, గుడ్డసంచీ, గాలి ఆడటం, అన్నీ చెప్పాను. జొన్న అసలు మన పంట కాదని, వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిందని కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అంత దూరం నుంచి వచ్చినాదా? అయితే వాళ్లు గూడా ఇట్లే సంచిలో ఏసుకోని వచ్చింటారు. దోవలో తినాల గదా."

తర్వాత మేకుకున్న నా సంచిలో చెయ్యి పెట్టి ఒక రొట్టె తీసింది. బరువు చూసింది. నా ముఖం చూసింది.

"ఇది తినేకా తమ్ముడా, తల కింద పెట్టుకునేకా?"

నాకు నవ్వు ఆగలేదు. మా ఇంట్లో నేను అంత గట్టిగా నవ్వి చాలా కాలమైంది. చెయ్యి కుట్టి ఇచ్చాక ఆమె తన రొట్టెల్లోంచి రెండు తీసి, ఒకటి నాకిచ్చి, ఒకటి తన మోకాలి మీద పెట్టి విరిచింది. పటుక్కుమంది. కొంచెం నీళ్లు చిలకరించి, పల్లీల పొడి అద్దుకుని, నా ఎదురుగా గోడకు ఆనుకుని తిన్నది. నేనూ తిన్నాను.

ఆ తర్వాత దాదాపు రోజూ వచ్చేది. కోతవాళ్లకు అన్నం పంపాక ఆమెకు పని ఉండదు. చేతిలో ఏ బియ్యమో ఏరుకుంటూ కూర్చునేది, నేను మిషను తొక్కుతూ కబుర్లు చెప్పేవాణ్ని. గ్రంథాలయం నుంచి తెచ్చినవి చదివి వినిపించేవాణ్ని. ఆమెకు చదువు రాదు. కథలో ఎవరైనా బయలుదేరితే చాలు, "తినేకి ఏం కట్టుకోని పోయినాడు?" అని అడిగేది. రచయితలు ఆ సంగతి రాయరని నాకు అప్పుడే తెలిసింది.

రొట్టె తట్టడం కూడా చూపించింది. మా వైపు దళసరిగా చేసుకుని వేడివేడిగా తింటాం. వాళ్లు పల్చగా తడతారు. నీళ్లు కళపెళ తెర్లుతుండగా పిండిలో పోయాలి. వేడి తగ్గకముందే మదాయించాలి. అరచెయ్యి ఆనకుండా వేళ్లతో తట్టుతూ తిప్పుతూ పోవాలి. పెనం మీద కాలాక నిప్పుల దగ్గర నిలబెట్టి, మర్నాడు ఎండలో ఆరేయాలి. నేను తట్టినవి అంచుల్లో పగిలేవి. "నీ చేతికి తొందరెక్కువ" అనేది. మధ్యాహ్నం రెండు దాటితే నా చెవులు అరుగు మీదే ఉండేవి. ఆమె చెప్పుల చప్పుడు గుర్తుపట్టేవాణ్ని.

మా ఊరి ప్రభ శివరాత్రికి కోటప్పకొండకు వెళ్లి వచ్చిన పది రోజులకు కోతలు అయిపోయాయి. వెళ్లేముందు రోజు ఆమె ఖాళీ సంచి తెచ్చింది.

"రేపు పొద్దున్నే లారీ. చేతులు రెండూ గట్టిగా ఏసిపెట్టు తమ్ముడా. ఎండాకాలం దీని నిండా రొట్టెలు చేసి పెట్టుకోవాల. విత్తనాల దినాల్లో వండుకునేకి టైముండదు. ఇదే మాకు తిండి."

పని ఉందని వెంటనే వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక సంచి తిరగేసి చూశాను. అడుగున ఒక మూల నాలుగు వేళ్ల మేర కుట్టు లేదు. మొదటిసారి చెయ్యి వేసినప్పుడు కబుర్లలో పడి గమనించలేదు. మిగతా కుట్టంతా చేతికుట్టే, కానీ శుభ్రంగా ఉంది. ఆ సందు అంచులు కూడా మడిచి, సన్నగా చుట్టుకుట్టు వేసి ఉన్నాయి. దర్జీవాడిగా నేను ఆగాల్సింది అక్కడే. చిరిగిన చోటును ఎవరూ అంత ఓపికగా మడిచి కుట్టరు. కావాలని వదిలిన చోటునే అలా కుడతారు. కాజాలు కుట్టి బతికినవాణ్ని, నాకు తెలియని విషయం కాదు. అయినా పాపం మూయడం చేతగాక అంచులు మడిచి వదిలేశారనుకున్నాను. లోపల గట్టి గుడ్డ అతుకు పెట్టి, రెండు వరసల మిషనుకుట్టు వేసి, చీమ కూడా దూరకుండా మూసేశాను. చేతులు కూడా నవారుతో గట్టిగా వేశాను. మా వైపు గిన్నె అయినా సంచి అయినా ఖాళీగా తిరిగివ్వరు. ఒక బెల్లం అచ్చూ, రొట్టెలు ఆరేసుకోవడానికి రెండు గజాల తెల్లగుడ్డా అందులో పెట్టాను.

పొద్దున్నే లారీ దగ్గరకు తీసుకెళ్లి ఇచ్చాను. ఆ హడావిడిలో ఆమె సంచి విప్పి చూడలేదు. చేతులు మాత్రం లాగి చూసి, "బాగుండాది" అన్నది. "వచ్చే ఏడు వస్తాం లే తమ్ముడా. ఆ లోపల తొందర లేకుండా తట్టేది నేర్చుకో" అని లారీ ఎక్కింది.

ఆ ఏడంతా నాకు ఒక ఆలోచన తోడుగా ఉండేది. ఆమె ఎక్కడో తొలకరి వానలో గట్టు మీద కూర్చుని, నేను కుట్టిన సంచిలోంచి రొట్టె తీసి విరుస్తూ ఉంటుందని. ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో. మంచి పని చేశానన్న తృప్తితో ఎన్నో మధ్యాహ్నాలు గడిపాను.

మరుసటి ఏడు ముఠా వచ్చింది. నేను మూడు రోజులు అరుగు మీదే మిషను వేసుకుని కూర్చున్నాను. నాలుగో రోజు ముప్పై ఏళ్ల మనిషి ఒకామె వచ్చింది. చేతిలో ఆ సంచి.

"మామా, మా అత్త ఇది నీకియ్యమనింది."

"అక్క రాలేదా?"

"యాడొస్తాది? తుంటి కాడ నొప్పి. లేసి నడిచేకి అయితా లేదు. కండ్లు గూడా మసకాయె."

సంచి బరువుగా ఉంది. నిండా పల్చటి రొట్టెలు. కింద పెట్టబోతుంటే మూలలోంచి తెల్లటి నలుసులు జారి నా కాళ్ల మీద పడ్డాయి. నేను పెట్టిన అతుకు లేదు. రెండు వరసల కుట్టునూ ఎవరో సూదిమొనతో ఓపికగా విప్పారు. అక్కడక్కడ నా నీలం దారం తెగిన కొసలు ఇంకా గుడ్డకు ఉన్నాయి.

"ఈ మూల ఎందుకు విప్పారమ్మా?"

ఆమె తల పక్కకు తిప్పుకుంది. "ఏం లేదులే మామా."

"చెప్పు. నేను కుట్టిందే కదా."

"చెప్పొద్దనింది అత్త." అంటూనే చెప్పింది. "ఎండురొట్టె దినామూ నలుసు రాలుతాది. అది కిందికి పోవాల. మూల మూసేస్తే సంచిలోనే పొడై కూర్చుంటాది. వాన తగిలితే పురుగు పడతాది. విత్తనాల దినాల్లో సంచి తీసి చూస్తే అంతా పురుగే. ఎనుములకు మేతకేసినాం."

"మరి మీరు ఏం తిన్నారు?"

"ఏం తింటాం? తడికట్టెలు రాజేసుకోని, అయితే ఒక పూట, లేకుంటే లేదు. చూసుకోలేదని అత్త నన్నే తిట్టింది. నిన్ను మాత్రం ఒక్క మాట అననీలేదు. ఆయప్ప మంచికే కుట్టినాడు, సదువుకున్నోడు గదా అనింది."

ఆ అమ్మాయికి అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. విన్నది విన్నట్టు చెప్పింది. నేను తలుచుకుని మురిసిన ఆ తొలకరి రోజుల్లోనే వాళ్లు ఒక పూట పస్తున్నారు. నన్ను ఎదురుగా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి ఆమె రాలేకపోయింది. పైగా నష్టం చేసిన సంచినే నింపి నాకు పంపింది.

సంచి ఖాళీ చేసి తిరిగి పంపాలి. ఖాళీగా పంపకూడదు. నేను తట్టిన రొట్టెలతోనే పంపాలనుకున్నాను. ఇంకేది పెట్టినా సరిపోదు అనిపించింది.

అలవాటు కొద్దీ ముందు గ్రంథాలయానికి వెళ్లాను. వంటల పుస్తకాలన్నీ తీయించాను. కేకులు ఉన్నాయి, నాన్‌రొట్టెలు ఉన్నాయి, ముప్పై రకాల పచ్చళ్లు ఉన్నాయి. నెలల తరబడి నిలవుండే జొన్నరొట్టె గురించి ఒక్క పేజీ లేదు.

"ఫోన్లో చూడండి సార్, వీడియోలు బోలెడు ఉంటాయి" అన్నాడు గ్రంథాలయం ఆయన.

నాది బటన్ ఫోను. అయినా నాకు కావలసిన చేతులు వేరే. బస్సులో తిరిగి వస్తూ ఆమె వేళ్లు ఎలా కదిలేవో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆమె మాటలన్నీ గుర్తున్నాయి కానీ చేతులు సరిగా గుర్తుకు రాలేదు. రోజూ ఆమె తడుతుంటే నేను ఏదో ఒకటి చెబుతూ ఉండేవాణ్ని. చూడాల్సినంత చూడలేదు.

మూడు వారాలు ప్రతి పొద్దునా రొట్టెలు తట్టాను. మొదటి వారం చేసినవి వదిన గేదెకు పెట్టింది.

"మరిదీ, మా గేదె నీ రొట్టెలకు అలవాటు పడింది. ఇయ్యాల గడ్డి ముట్టలా."

రెండో వారంలో అంచులు పగలడం తగ్గింది. నోరు మూసుకుని తడితే చెయ్యి నిదానిస్తుందని అప్పుడు కనిపెట్టాను. మూడో వారానికి ఇరవై రెండు పగలకుండా నిలిచాయి. ఎండబెట్టి, గుడ్డతో ఒత్తి తుడిచి, సంచిలో పేర్చాను. మూలను ముట్టుకోలేదు. నా కుట్టు వల్ల చెదిరిన ఆ సందు అంచులు మాత్రం మళ్లీ మడిచి, మిషను మీద కాకుండా చేతితో, ఆమె వేసినట్టే సన్నగా చుట్టుకుట్టు వేశాను. నాలుగు వేళ్లు పెట్టి కొలత చూసుకున్నాను.

గుడిసెలు విప్పుతుండగా వెళ్లి ఇచ్చాను. కోడలు ఒక రొట్టె తీసి చెవి దగ్గర పెట్టి విరిచింది. పటుక్కుమంది. నోట్లో వేసుకుంది.

"అత్త రొట్టె లెక్క లేదు మామా."

"తెలుసమ్మా."

"బాగానే ఉండాది గానీ. తింటాది." సందులో వేళ్లు పెట్టి చూసి నవ్వింది. "ఇది చూస్తే సంబరపడతాది. సంచి వచ్చే ఏడు మళ్లీ పంపిస్తాది లే. ఖాళీగా పంపించే మనిషి కాదు."

ఇది జరిగి ఏడాది అయింది. పోయిన సారి మిరపకు ధర లేక, మా ఊళ్లో చాలామంది ఈ ఏడు మిరప వేయలేదు. గుడిసెలు ఉన్న చేలో మొక్కజొన్న వేశారు. ముఠా రాలేదు. రైతు దగ్గర ముఠా మేస్త్రి నంబరు తీసుకుని ఫోను చేశాను. ఈసారి తెలంగాణ వైపు పనికి వచ్చామని చెప్పాడు. ఆ అత్తాకోడళ్లు ముఠాలో లేరట. వాళ్లది వేరే పల్లె, పెద్దావిడ ఎలా ఉందో తనకు తెలియదన్నాడు. కనుక్కుని చెప్పమన్నాను. సరే అన్నాడు. మళ్లీ రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. వాళ్ల పల్లె పేరు నేను ఆమెను ఎప్పుడూ అడగలేదు. ఆఫ్రికా గురించి చెప్పాను కానీ అది అడగలేదు.

ఆమె సంచి తిరిగి పంపినప్పుడే నా కోసం, మూల సందు వదిలి, ఈ రెండో సంచి కుట్టుకున్నాను. వారానికి పది రొట్టెలు తడతాను. మధ్యాహ్నం రెండింటికి ఒకటి తీసి మోకాలి మీద విరుస్తాను. ఆ చప్పుడు ఖాళీ ఇంట్లో మరీ గట్టిగా వినిపిస్తుంది. ఆమె సంచి ఆమె దగ్గరే ఉంది. దాన్ని పంపే వంతు ఆమెది. ఆ వంతు ఇంకా ఉన్నంతకాలం అరుగు వైపు చూడటం నాకు తప్పదు.

మొన్న వదిన వచ్చి నేల మీద నలుసులు చూసి చీపురు అందుకుంది.

"ఏంది మరిదీ, సంచి కింద పొద్దస్తమానం ఈ పొట్టు? ఆ మూల కుట్టుకోరాదూ, ఎదురుగా మిషను పెట్టుకోని?"

"వద్దు వదినా. రాలనీ."

"నువ్వు ఊడవవు గదా, ఊడ్చేది నేను" అంటూనే ఊడ్చి, చేటలోకి ఎత్తి, పిట్టలు తింటాయని అరుగు చివర పోసింది. నేను ఒక రొట్టె విరిచి సగం ఆమెకు ఇవ్వబోయాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ వెళ్లిపోయింది. ఆ సగాన్ని తిరిగి సంచిలో పెట్టి, నా సగం తిన్నాను.